ఇప్ప మొక్కలు, ఫారం సి

మార్చి నెలాఖర్న ఒక రాత్రి గాలివాన కొట్టింది. తెల్లారి గూడేనికి వెళ్లేసరికి ఒక అవ్వ ఇప్పచెట్టు కింద కూర్చుని పువ్వు ఏరుతోంది. ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. చెట్టు కింద ముందే ఊడ్చి పెట్టుకుంటే, ఎండెక్కకముందే ఏరుకుని ఇంటిముందు ఆరబోసుకోవచ్చు. ఆ రోజు పువ్వంతా బురదకు అంటుకుపోయి ఉంది. నేను కూడా కూర్చుని నాలుగు ఏరబోయాను. వేళ్లకు మట్టి తప్ప ఏమీ రాలేదు.

"కడిగితే తీపి పోతది మేడం, కడగకుంటే మట్టి పోదు" అంది అవ్వ.

రెండు గంటలు ఏరితే బుట్టలో సగం కూడా నిండలేదు. అందులో సగం నల్లబడుతుందని ఆమెకు తెలుసు. అయినా ఏరింది. వానాకాలంలో ఇంట్లో బియ్యం తగ్గినప్పుడు ఆ ఎండిన పువ్వు ఉడకబెట్టుకునే ఇల్లు ఆమెది.

నేను భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పంచాయతీ కార్యదర్శిని. మండలం పేరు, ఊరి పేరు రాయను. 2019లో జూనియర్ పంచాయతీ కార్యదర్శిగా చేరాను. పుట్టింది ఖమ్మం వైపు మైదానంలో, మిర్చి రైతుల ఇంట్లో. చిన్నప్పుడు జనవరి వస్తే మా చేలో కాయ కోయడానికి ఏజెన్సీ నుంచి కోయవాళ్లు గుంపులుగా వచ్చేవారు. చేను పక్కనే గుడిసెలు వేసుకుని నెల, నెలన్నర ఉండి పోయేవారు. ఏ ఊరి నుంచి వచ్చారు, ఎందుకు వచ్చారు అని అప్పుడు ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు నేను పనిచేసేది అలాంటి ఊళ్లోనే. ఈ ఆరేడేళ్లలో నాకు అర్థమైన ఒక్క విషయం రాద్దామని ఇది మొదలుపెట్టాను.

వాతావరణం మారుతోందని గూడెంలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఏం చేయాలో కూడా వాళ్లలో చాలామందికి తెలుసు. కానీ ఆ పని చేసే అధికారం వాళ్ల దగ్గర లేదు. అది కాగితాల్లో ఉంది. ఆ కాగితాలు కొన్ని నా బీరువాలోనే ఉన్నాయి.

2021 నవంబర్‌లో అడవి కొట్టి సాగు చేసుకుంటున్న పోడు భూములకు పట్టాల కోసం దరఖాస్తులు తీసుకున్నాం. మరుసటి ఏడాది చలికాలంలో సర్వే. నేను, అటవీశాఖ బీట్ ఆఫీసర్, అటవీ హక్కుల కమిటీ సభ్యులు కలిసి ఒక్కో చేను చుట్టూ ఫోన్ పట్టుకుని నడిచాం. యాప్‌లో హద్దు గీత పడాలి. చెట్ల కిందికి వెళ్తే జీపీఎస్ అటూ ఇటూ దూకేది, మళ్లీ మొదటి నుంచి నడిచేవాళ్లం. అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13 నాటికి ఆ భూమి వాళ్ల సాగులో ఉండాలి. పదిహేడేళ్ల కిందటి సంగతి ఎలా రుజువు చేస్తారు? ఒకాయన పొలం నడుమ ఉన్న రాళ్ల కుప్ప చూపించాడు. ఇంకొకామె తన పెద్దకొడుకు పుట్టిన ఏడాది ఈ మొద్దు కొట్టామని చెప్పింది. ఆ సర్వే నడుస్తుండగానే, 2022 నవంబర్‌లో, మా జిల్లాలోనే పోడు గొడవలో ఒక అటవీ రేంజ్ అధికారిని చంపేశారు. ఆ తర్వాత వారం రోజులు నాతో నడిచిన బీట్ ఆఫీసర్ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అతనికి నా వయసే. ఇంటి దగ్గర చిన్నపిల్ల. ఆ గొడవలో పోడు చేసుకునేవాడు, అడవి కాసేవాడు ఇద్దరూ జీతం, కూలి మీద బతికేవాళ్లే. వాళ్ల మధ్య హద్దు గీసినవాళ్లు ఎవరూ ఆ అడవిలో లేరు.

2023 జూన్ చివర పట్టాలు ఇచ్చారు. రాష్ట్రం మొత్తం మీద 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాలు. జిల్లాలన్నిటిలో మా జిల్లాకే ఎక్కువ. పట్టా మీద భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉంటాయి, చట్టంలోనే అలా ఉంది. ఆ రోజు ఒక్కొక్కళ్లూ పట్టాను పాలిథిన్ కవర్లో పెట్టుకుని, దాన్ని మళ్లీ గుడ్డలో చుట్టుకుని పోయారు. ఆ కాగితం విలువ నేను తక్కువ చేసి చెప్పను. పొద్దున లేస్తే చేలో కందకం తవ్వడానికి జేసీబీ వస్తుందేమో అన్న భయం పోయింది. రైతుబంధు డబ్బులు మొదటిసారి వాళ్ల ఖాతాల్లో పడ్డాయి.

ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాలి.

పెద్దవాళ్లు చెప్పేదాని ప్రకారం ఒకప్పుడు పోడు చేలో ఒక్క పంట ఉండేది కాదు. జొన్న, సామ, కొర్ర, కంది, బొబ్బర్లు అన్నీ కలిపి చల్లేవారు. వాన ముందొస్తే ఒకటి, వెనకొస్తే ఒకటి చేతికొచ్చేది. ఏదీ రాకపోతే అడవి ఉండేది: దుంపలు, ఇప్పపువ్వు, తునికి పండ్లు, తేనె. పట్టాలకు ముందే పత్తి వచ్చేసింది, అది నిజం. పట్టా వచ్చాక పూర్తిగా పత్తే. చేను ఇంత అని గీత పడింది, చేతిలో కాస్త డబ్బు పడింది, విత్తనాల షాపువాడు ఉద్దెర ఇచ్చాడు. చేను నడుమ ఉన్న పెద్ద చెట్లు కొన్ని నీడ పడుతుందని పోయాయి.

2023 జూలై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 65 సెంటీమీటర్ల వాన పడిందని వార్తల్లో చూసే ఉంటారు. మా వైపు అంత పడలేదు. కానీ ఆ వారమంతా ఆగకుండా పడింది. పత్తి మోకాలెత్తు కూడా లేదు, వేళ్లలో నీళ్లు నిలిచి ఎర్రబడిపోయింది. అప్పటికి రాష్ట్రం పంటల బీమా పథకంలో లేదు, 2020లోనే బయటికి వచ్చింది. మళ్లీ విత్తారు. మళ్లీ ఉద్దెర. సెప్టెంబర్‌లో ఇరవై రోజులు చుక్క లేదు. అప్పుడు ఒక బోరు, ఒక కరెంటు లైను ఉంటే పైరు నిలబడేది. పట్టా ఉన్నా లైను అడవిలోంచి రావాలంటే ఇంకో అనుమతి కావాలి. ఆ కాగితం కోసం మేం ఎన్నిసార్లు తిరిగామో రాస్తే ఇదే పోస్టు అయిపోతుంది. పై ఆఫీసులో ఒకాయన, పట్టా వ్యవసాయానికి ఇచ్చాం గానీ స్తంభాలకు ఇవ్వలేదు కదమ్మా అన్నాడు. తర్వాత 2025 మేలో ప్రభుత్వం పోడు పట్టాలున్న గిరిజన రైతులకు సోలార్ పంపుసెట్ల పథకం మొదలుపెట్టింది. మా ఊరికి ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాం. వస్తే మంచిదే.

కానీ పంపుసెట్టు చేనుకే. ఇప్పచెట్టు కింద పడిన వానకు పంపుసెట్టు ఏం చేస్తుంది?

2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు వచ్చినప్పుడు మా గూడెం మునగలేదు, గుట్ట మీద ఉంది. దారి తెగింది. రెండు వారాలు సంత లేదు, రేషన్ బండి రాలేదు. నేను ట్రాక్టర్ మీద, తర్వాత నడుచుకుంటూ మూడో రోజు చేరాను, వీళ్లు ఏం తింటున్నారో అని భయపడుతూ. ఎండబెట్టిన ఇప్పపువ్వు, వెదురు కొమ్ములు, కుండల్లో దాచిన జొన్న. నాకే ఇంత కూర పెట్టారు. ఆ రెండు వారాలు వాళ్లను నిలబెట్టింది ఏ ఒక్కరి పట్టాలోనూ లేని అడవి.

అటవీ హక్కుల చట్టంలో మూడు ఫారాలు ఉన్నాయి. ఫారం ఏ ఒక్కో కుటుంబం సాగు భూమికి. ఫారం బి ఊరుమ్మడి వాడుక హక్కులకు. ఫారం సి ఊరి చుట్టూ ఉన్న సాముదాయిక అటవీ వనరుకు, అంటే తరతరాలుగా ఆ ఊరు కాపాడుకుంటూ వాడుకుంటున్న మొత్తం అడవికి. ఆ హక్కు వస్తే అడవిని కాపాడడం, మళ్లీ పెంచడం, ఎలా వాడుకోవాలో నిర్ణయించడం గ్రామసభ చేతిలోకి వస్తుంది. చట్టం 2006ది. 2012లో నిబంధనలు సవరించి ఈ ఫారాన్ని విడిగా చేర్చారు. మా వరకు వచ్చిన టార్గెట్లన్నీ ఫారం ఏవే. ఎన్ని దరఖాస్తులు, ఎన్ని ఎకరాలు, ఎన్ని అప్‌లోడ్ అయ్యాయి అని రోజూ సాయంత్రం అడిగేవారు. ఫారం సి గురించి ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఖాళీ ఫారాల కట్ట పంచాయతీ ఆఫీసు బీరువాలో కింది అరలో మూడేళ్లు ఉంది. ఆ విషయం తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆ కాగితానికీ వాతావరణానికీ ఏం సంబంధం అనేవాళ్లకు తునికాకు సంగతి చెప్తాను. ఫిబ్రవరి, మార్చిలో తునికి కొమ్మలు కొట్టాలి. అప్పుడే లేత చిగురు దండిగా వస్తుంది. ఏప్రిల్, మేలో ఆకు కోసి, 50 ఆకులు ఒక కట్ట కట్టి, కల్లంలో ఎండబెడతారు. ఎండాకాలంలో ఇంటికి వచ్చే నగదు అదే. పిల్లల బట్టలు, విత్తనాలకు మొదటి డబ్బు అందులోంచే. కొమ్మ కొట్టడం యూనిట్ టెండర్, అంటే ఆ ప్రాంతం ఆకు ఎవరు కొంటారో తేల్చే వేలం, అయ్యాక జరుగుతుంది. కొన్నిసార్లు టెండర్ ఆలస్యమవుతుంది, కొన్నిసార్లు ఆ యూనిట్ ఎవరూ పాడుకోరు. ఈలోగా చిగురు దాని టైముకు అది వచ్చేస్తుంది. ఇప్పుడు ఎండలు ముందే ముదురుతున్నాయి, ఏప్రిల్‌లో వడగళ్లు పడుతున్నాయి. ఒక పది రోజులు ముందు కోసుకుంటే ఆకు దక్కుతుందని ఆడవాళ్లందరికీ తెలుసు. కానీ కల్లం తెరిచే తేదీ వాళ్ల చేతిలో లేదు. పోయినసారి వడగళ్ల వాన తర్వాత చిల్లులు పడిన ఆకు పట్టుకుని నిలబడితే కల్లంలో ఆకు తీసుకునే కల్లేదారు కట్టలకు కట్టలు పక్కన పడేశాడు. అతన్ని తిట్టి లాభం లేదు, ఆ ఆకును పైన అతని దగ్గర కూడా ఎవరూ తీసుకోరు.

మాకు చాలా దూరం కాదు, మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో గోండుల ఊరు మేంఢా లేఖాకు 2009లోనే ఈ సాముదాయిక హక్కు వచ్చింది, సుమారు 1,800 హెక్టార్ల మీద. 2011లో వెదురు రవాణా పర్మిట్ పుస్తకం కూడా గ్రామసభ చేతికే ఇచ్చారు. దాని పక్క జిల్లా చంద్రపూర్‌లో పాచ్‌గావ్ అనే చిన్న ఊరికి 2012లో వెయ్యి హెక్టార్లకు హక్కు వచ్చింది. వాళ్లు వెదురు కొట్టి అమ్ముకుంటారు. తునికాకు కోయడం మాత్రం మానేశారు. ఆకు కోసం కొమ్మలు నరికితే పండు రాదు, కింద నిప్పు పెడితే మొలకలు చస్తాయి, పండు మాకూ పక్షులకూ కావాలి అని ఊరంతా కూర్చుని తీర్మానం చేసుకున్నారు. నేను ఇది మా గ్రామసభలో చెప్పినప్పుడు ఒకామె వెంటనే లేచి, మేం ఆకు మానితే ఏం తింటం అని అడిగింది. నిజమే. వాళ్లకు వెదురు ఉంది, మాకు అంత వెదురు లేదు. మా ఊరి నిర్ణయం వేరే ఉండొచ్చు: సగం అడవి ఈ ఏడు, సగం మరుసటేడు. లేదా తేదీ మార్చుకోవడం. ఏదైనా సరే, ఆ మాట మాట్లాడుకునే హక్కు ముందు ఉండాలి కదా.

ఇలాంటి ప్రయత్నం ఇదివరకు జరగలేదా అంటే జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుంచి వన సంరక్షణ సమితులు పెట్టారు, 2002లో ప్రపంచ బ్యాంకు అప్పుతో సాముదాయిక అటవీ యాజమాన్యం అని ఇంకో ప్రాజెక్టు వచ్చింది. మా ఊళ్లో పెద్దవాళ్లు వీఎస్‌ఎస్ అనే పిలుస్తారు. గుంతలు తవ్వారు, జామాయిల్ పెట్టారు, కూలి వచ్చింది. డబ్బులు అయిపోయాక కమిటీ కూడా పోయింది. "ఏం పెట్టాల్నో మమ్మల్ని అడగలె" అంటాడు మా ఊరి పెద్ద, పటేల్. అటవీ హక్కుల చట్టం వచ్చిన కొత్తలో ఉమ్మడి రాష్ట్రంలో సాముదాయిక పత్రాలు చాలా చోట్ల గ్రామసభ పేరున కాకుండా ఈ సమితుల పేరునే ఇచ్చారు. దానివల్ల, ఫారం సి అనగానే అది మళ్లీ వీఎస్‌ఎస్సేనా అని అడిగినవాళ్లు ఉన్నారు. కాదని నమ్మించడానికి నాకు రెండు మీటింగులు పట్టింది.

మీటింగు పెట్టడమే పెద్ద పని. హక్కుల విషయంలో గ్రామసభకు సగం మంది సభ్యులు రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. పత్తి పోయిన ఏడు జనవరి నుంచి మార్చి దాకా ఊరు సగం ఖాళీ, అందరూ మిర్చి కోతలకు మైదానానికి పోయి ఉంటారు. పంట ఎంత పోతే అంత ఎక్కువమంది పోతారు. అంటే ఏ ఏడు ఈ మాట మాట్లాడుకోవడం ఎక్కువ అవసరమో, ఆ ఏడే కోరం ఉండదు. పైగా 2024 ఫిబ్రవరిలో పాలకవర్గాల గడువు ముగిశాక చాలా కాలం పంచాయతీ ఎన్నికలు లేవు, ప్రత్యేకాధికారి ఒక్కరే ఐదారు పనుల మధ్య సంతకం పెట్టి వెళ్లేవారు.

ఇక నర్సరీ. తెలంగాణలో ప్రతి పంచాయతీకీ నర్సరీ ఉంది, 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, లేకపోతే సర్పంచ్, కార్యదర్శి జవాబుదారీ. ఏ మొక్కలు పెంచాలో జాబితా పైనుంచి వస్తుంది. నవంబర్, డిసెంబర్‌లో సంచుల్లో మట్టి నింపాలి, ఆ తర్వాత గింజ పెట్టాలి, జూన్‌కు మొక్క సిద్ధం కావాలి. ఒక రోజు ఇందాక చెప్పిన అవ్వ నర్సరీ గేటు పట్టుకుని లోపలికి చూస్తూ అడిగింది: "పిల్ల ఇప్పచెట్టు నువ్వు ఎప్పుడన్న చూసినవా మేడం?"

ఆలోచిస్తే చూడలేదు. ఊరి చుట్టూ ఉన్నవన్నీ ముసలి చెట్లే. పువ్వు ఏరడానికి కింద ఊడ్చి కాలుస్తారు, గింజ నూనెకు ఏరేస్తారు, మిగిలిన మొలకను పశువులు తింటాయి. పెద్దగాలికి ఒక్కో చెట్టు పోతోంది. 2024 ఆగస్టు ఆఖర్న తాడ్వాయి, మేడారం అడవిలో ఒక్క సాయంత్రం గాలికి వేల చెట్లు కూలిపోయాయి. ఆ వార్త విన్నప్పటి నుంచి అవ్వకు అదే దిగులు.

ఇప్పగింజ జూన్‌లో రాలుతుంది. కొన్ని వారాలు దాటితే మొలవదు. డిసెంబర్‌లో సంచి నింపి జనవరిలో పెట్టడానికి ఆ గింజ ఉండదు. మన నర్సరీ క్యాలెండర్‌లో ఇప్పచెట్టుకు చోటే లేదు. ఇది ఎవరి కుట్రా కాదు. ఆ క్యాలెండర్ రాసిన గదిలో ఇప్పపువ్వు ఏరినవాళ్లు ఎవరూ లేరు, అంతే. ఆ జూన్‌లో మిగిలిన సంచుల్లో మట్టి నింపి, అవ్వ ఇచ్చిన గింజలు రెండు వందలు పెట్టాం. యాప్‌లో ఆ పేరు లేదు, ఇతరములు అని రాశాను. నూట నలభై దాకా మొలిచాయి. తనిఖీకి వచ్చినవారు లెక్కలో లేనివి ఎందుకున్నాయని అడిగారు, సంజాయిషీ రాసిచ్చాను. మొక్కలు మాత్రం తీయలేదు. వాటిని ఎక్కడ నాటాలి అన్నప్పుడు మళ్లీ అదే ప్రశ్న వచ్చింది. అడవిలో నాటడానికి మాకు హక్కు ఏది? పది, పన్నెండేళ్లకు పూత పట్టే చెట్టు. ఎవరికి చెందుతుందో తెలియకుండా ఎవరు కాపలా కాస్తారు?

గుట్ట అవతల గొత్తికోయల గుంపు ఒకటి ఉంది. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో గొడవలకు ప్రాణాలు పట్టుకుని వచ్చినవాళ్లు. తేదీ ప్రకారం చూస్తే వాళ్లకు ఏ ఫారమూ వర్తించదు. ఎండాకాలంలో చెలమ తవ్వుకుని నీళ్లు తోడుకుంటారు, ఆ చెలమ ఇప్పుడు ఏప్రిల్‌కే ఎండుతోంది. వాళ్లకు బోరు వేయించలేకపోయాను. మా ఊరి అడవి, వాళ్లు పుల్లలు ఏరుకునే అడవి ఒకటే. హద్దు గీసేటప్పుడు వాళ్లను ఏం చేద్దాం అని గ్రామసభలో అడిగితే చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరకు పటేల్, నీళ్లకు, పుల్లలకు అడ్డం చెప్పొద్దు, చెట్టు కొట్టుడు మాత్రం మనమూ వద్దు వాళ్లూ వద్దు అన్నాడు. అది తీర్మానం పుస్తకంలో రాశాను. అది ఏ ఫారంలోనూ రాసే గడి లేదు.

పోయిన ఆదివారం ఫారం సి బయటికి తీశాం. మ్యాప్ కావాలి. పెద్దవాళ్ల వాంగ్మూలం కూడా సాక్ష్యంగా పనికొస్తుందని నిబంధనల్లో ఉంది, కాబట్టి వాళ్లతోనే మొదలుపెట్టాం. రామాలయం ముందు నేల మీద ముగ్గుపిండితో ఊరు గీశారు. వాగు, దాని మీద మూడు మడుగులు, వేల్పుల గుట్ట, శ్మశానం, తేనె కొండ, ఇప్ప బయలు. ఒక్కో చోటుకూ కోయ పేరు ఉంది, నేను తెలుగు లిపిలో రాసుకుంటుంటే పిల్లలు సరిదిద్దారు. చట్టప్రకారం అటవీ సిబ్బందికి కబురు పెట్టాలి, పెట్టాం. బీట్ ఆఫీసర్ వచ్చాడు, సర్వేలో నాతో నడిచినతనే. కాసేపు బండి మీదే కూర్చుని చూశాడు. తర్వాత దిగి వచ్చి, వాగు ఇక్కడ రెండుగా చీలుతుంది అని, కొంచెం ముగ్గు అడిగి తీసుకుని ఆ చీలిక గీశాడు.

ఉత్తరం, పడమర, దక్షిణం హద్దులు అయ్యాయి. తూర్పున పక్క గూడెంవాళ్ల ఇప్పచెట్లు, మావాళ్ల ఇప్పచెట్లు కలిసిపోయి ఉన్నాయి. ఏ చెట్టు ఎవరిదో అవ్వకు తెలుసు గానీ, వాళ్లు లేకుండా గీత గీయొద్దంది. వచ్చే ఆదివారం వాళ్ల పెద్దవాళ్లు ముగ్గురు వస్తామన్నారు. వాన పడితే ముగ్గు పోతుందని మొత్తం ఫొటోలు తీసి పెట్టాను. చార్టు పేపర్లు, నాలుగు రంగుల మార్కర్లు కొనాలి.